ఈశాన్యం మూల నిలిచిన నీళ్ళు

నేను ఒక గొట్టాన్ని. పెద్ద పేరేమీ లేదు. కడుపులో ఏముందో బయటికి కనిపించే ప్లాస్టిక్ గొట్టాన్ని. బొటనవేలితో మూయగలిగేంత లావు, ఒక ఇంటిని చుట్టి రాగలిగేంత పొడుగు. మేస్త్రీలు నాలో నీళ్ళు నింపి గోడల మట్టం చూస్తారు. ఈ కొసన నీళ్ళు ఎంత ఎత్తున ఉంటే ఆ కొసనా అంతే ఎత్తున ఉంటాయి. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. మధ్యలో గోడ అడ్డం వచ్చినా, మెట్లు వచ్చినా, పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నా నీళ్ళు పట్టించుకోవు.

నా పుట్టుక చెప్పాలి కాబట్టి చెబుతాను, తొందరగా. గింజల్లాంటి ముడిసరుకును మరగబెట్టి, సేమియా ఒత్తినట్టు మిషన్లోంచి ఒత్తి, చల్లార్చి, చుట్టలు చుట్టి లారీలో పడేశారు. నన్ను ఒత్తినవాళ్ళ ముఖాలు నేను చూడలేదు, ముక్కుకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు. ఆ గుడ్డ కూడా కంపెనీ ఇచ్చింది కాదు, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత చీర ముక్క. నన్ను కొన్నవాళ్ళెవరూ ఈ సంగతి అడగలేదు. మీరూ అడగలేదు. అయినా చెప్పాను.

పెద్దపల్లిలో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో నన్ను కొన్నది రాజీరు మేస్త్రీ. ఆయన భుజం మీద తిరిగినంత కాలం గోడలు నా మాట విని లేచాయి. నన్ను వాడే పద్ధతి ఆయన దగ్గరే చూశాను. నీళ్ళు బకెట్లోంచి నోటితో పీల్చి నింపాలి, లోపల గాలి బుడగ ఉండకూడదు. మోసుకెళ్ళేటప్పుడు రెండు కొసలకూ బొటనవేళ్ళు అడ్డం పెట్టాలి, లేకపోతే నీళ్ళు ఒలికిపోతాయి. కొలిచేటప్పుడు మాత్రం ఇద్దరూ వేళ్ళు తీసేయాలి. ఒకరు తీసి ఒకరు ఉంచితే నీళ్ళు ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. అప్పుడు అవి చూపించేది మట్టం కాదు.

రాజీరు చివరగా కట్టిన ఇల్లు ఓదెలు, జమునలది. రైసుమిల్లుల వెనక కొత్తగా లేచిన కాలనీలో, పడమటి ముఖం ఇల్లు. పిట్టగోడ కట్టడానికి మళ్ళీ వస్తానని నన్ను మెట్ల కింద వేలాడదీసి వెళ్ళాడు. ఇంకో ఊర్లో పని దొరికింది, రాలేదు. అలా నేను ఆ ఇంటి సామానులో కలిసిపోయాను.

ఓదెలు మిల్లులో కాంటా మీద బస్తాలు తూస్తాడు. జమున ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ కిరాయి ఇళ్ళే. చివరి ఇంట్లో ఓనరమ్మ మోటరు స్విచ్చిని తన పడకగదిలో పెట్టుకునేదట. స్నానం చేయాలంటే ముందు ఆమె నిద్ర లేవాలి. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి రోజు జమున చేసిన పని ఏమిటంటే, మోటరు వేసింది, ఆపింది, మళ్ళీ వేసింది, మళ్ళీ ఆపింది. ఊరికే. మెట్ల కింద నుంచి నేను చూశాను. మనుషులు సంతోషాన్ని ఎక్కడెక్కడ దాచుకుంటారో నాకు అప్పటి నుంచే ఆరా మొదలైంది.

అంతా బాగానే ఉండేది, గృహప్రవేశం రోజు గట్టయ్య చెంబెడు నీళ్ళు ఒలకబోయకపోతే.

గట్టయ్య ఓదెలు అక్క మొగుడు. భూముల బేరాలు కుదురుస్తాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరుగుతాడు. భోజనాలయ్యాక ఇంటి వెనక, బట్టలు ఉతుక్కునే గచ్చు మీదికి వచ్చి చెంబు వంచాడు. నీళ్ళు పడమటి వైపున్న బొక్కలోకి పరుగెత్తాయి. ఆ బొక్క నుంచి ఇంటి పక్క సందు కింద పైపు పోయి వీధి మోరీలో కలుస్తుంది. రాజీరు పెట్టిన వాలు అది.

గట్టయ్య నాలుక చప్పరించాడు. "బావమరిదీ, నీళ్ళు పడమటికి ఉరుకుతున్నయ్ రా. ఈశాన్యం పల్లముండాలె, నీళ్ళు గా మూలకు పోవాలె. గిట్లుంటె ఇంట్ల మనిషి నిలువడు."

"మేస్త్రీ గట్లనే పోసిండు బావా."

"మేస్త్రీకేం, కట్టి పోతడు. ఇంట్ల ఉండేది వాడా, నువ్వా?"

ఆ ఒక్క మాట చాలు. వచ్చే ఆదివారమే ఓదెలు సిమెంటు బస్తా తెచ్చాడు. కూలి మనిషిని పెట్టలేదు. ఇది తన ఇల్లు, తన చేత్తో చేయాలని అతని కోరిక. ఆ కోరికను నేను తప్పు పట్టను. పడమటి బొక్కను సిమెంటుతో మూసి, గచ్చు మీద ఇంకో పొర పోసి, ఈశాన్యం మూలకు వాలు తీశాడు.

మనుషుల్లో నాకు అంతుచిక్కనిది ఇదే. మోరీ పడమట ఉందని ఓదెలుకు తెలుసు. రోజూ దాన్ని దాటుకునే మిల్లుకు పోతాడు. ఈశాన్యం మూలలో గోడ తప్ప ఏమీ లేదనీ తెలుసు. అయినా నీళ్ళను అటు పంపాడు. పంపిన నీళ్ళు అక్కడికి పోయాక ఏం చేయాలో ఎవరూ వాటికి చెప్పలేదు. అవి నిలబడ్డాయి.

ఈ లోపల ఇంట్లో ఇంకా పనులు నడుస్తున్నాయి. వంటగదిలో చెక్క షెల్ఫు బిగించాలని ఓదెలు నన్ను దింపాడు. బకెట్టు, పీల్చడం, అంత ఓపిక లేదు. నల్లాకు తగిలించి తిప్పాడు. నాలో జానెడు గాలి బుడగ చిక్కుకుంది. దాన్నలాగే ఉంచి గోడకు గీతలు గీశాడు. షెల్ఫు బిగిసింది. జమున దాని మీద పప్పుల డబ్బాలు సర్ది, ఇటు తిరిగి అటు చూసేసరికి ఉప్పు డబ్బా పొయ్యి మీద పడి ఉంది.

"ఏమయ్యా, నీ షెల్ఫు మీద డబ్బలు నడుస్తున్నయ్."

"కొత్త డబ్బలు గవి. అడుగు నున్నగుంటది, జారుతది."

"నున్నగుంటె రెండు దిక్కులా జారాలె గద? అన్నీ పొయ్యి దిక్కే ఎందుకు జారుతున్నయ్?"

ఓదెలు విసుక్కున్నాడు. జమున విసుక్కోలేదు. నన్ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, బుడగను చూసి, వేలితో తట్టింది. బుడగ కదిలింది, రెండు కొసల్లోనూ నీళ్ళు తేడాగా నిలబడ్డాయి. "గిదా దొంగ," అంది. నీళ్ళు పారబోసి, బకెట్లోంచి పీల్చి మళ్ళీ నింపింది. పీల్చేటప్పుడు దగ్గు వచ్చి సగం నీళ్ళు జాకెట్ మీద పడ్డాయి. రెండోసారి సరిగ్గా వచ్చింది. షెల్ఫు దగ్గర పెట్టి చూస్తే ఒక పక్క రెండు వేళ్ళు దిగి ఉంది. మరలు ఊడదీసి తనే సరిచేసింది.

ఆ రోజు నుంచి నన్ను వదిలితే ఒట్టు. కిటికీ మట్టం చూసింది, గడప మట్టం చూసింది, కుట్టుమిషన్ బల్ల మట్టం చూసింది. అవసరం ఉండి కాదు. తెలుసుకుందామని. నా జీవితంలో పని లేకుండా నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. నాకది నచ్చింది. సిగ్గేముంది చెప్పడానికి.

ఓదెలు మాత్రం ఇంకో రకంగా నేర్చుకుంటున్నాడు. అరువు తెచ్చిన డ్రిల్లింగు మిషన్‌తో స్నానాలగది గోడకు బెజ్జం వేయబోయి లోపలి పైపుకే వేశాడు. గోడ అతని ముఖం కడిగింది. నీళ్ళు ఎక్కడ ఆపాలో తెలియక తుండుగుడ్డ కుక్కి, దాని మీద చేయి అడ్డం పెట్టి, జమున మేడెక్కి ట్యాంకు వాల్వు తిప్పేదాకా అలాగే నిలబడ్డాడు. గట్టయ్యకు ఈ వార్త చేరింది. "చూసినవా? నీళ్ళే పగబట్టినయ్," అన్నాడట. పైపు ఎక్కడుందో చూడకుండా బెజ్జం వేస్తే నీళ్ళు రాక పాలు వస్తాయా? ఇంత చిన్న ప్రశ్న ఎవరూ వేయరు.

వెనక గచ్చు మీద నిలిచిన నీళ్ళకు పచ్చటి నాచు పట్టింది. దోమలు సంసారాలు పెట్టాయి. ఆ మూలకు ఒక పక్క గోడ అవతల దేవుని గది. పటాల వెనక సున్నం ఉబ్బి పొక్కులు లేచింది. శుభం కోసం పంపిన నీళ్ళు ముందుగా దేవుణ్ణే తడిపాయి. ఓదెలు ప్రహరీకి కింద బొక్క కొట్టి నీళ్ళను అవతలికి వదిలాడు. అవతల రాజవ్వ ఇల్లు. ఆమె పొద్దున్నే గోడ మీద నుంచి తల ఎత్తింది.

"ఓ ఓదెలూ! నీ బోళ్ళు కడిగిన నీళ్ళల్ల నా కోళ్ళు ఈత నేర్సుకుంటున్నయ్ రా. గవి కోళ్ళు బిడ్డా, బాతులు గావు."

"రెండు దినాలు ఆగవ్వా, ఇంకో ఉపాయం జేస్త."

"నీ ఉపాయాలే నా ఇంట్లకు పారుతున్నయ్. మూస్తవా, కోళ్ళను నీ మంచం మీద పండవెట్టాల్నా?"

మూశాడు. నీళ్ళు మళ్ళీ మూలకు చేరాయి. ఒక పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని అటు నడిచిన ఓదెలు నాచు మీద కాలు జారాడు. కుడి మణికట్టు విరిగింది. పట్టీ వేశారు. కాంటా దగ్గర కుడిచేయి లేని మనిషితో పనేముంది? మిల్లువాళ్ళు ఇంటి దగ్గర ఉండమన్నారు.

ఇక్కడి నుంచి సంగతి నవ్వులాట కాకుండా పోయింది.

గట్టయ్య వచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను మొదట్నే జెప్పిన. గీ ఇల్లు మీకు అచ్చి రాలేదు. ముందు పైపు పగిలింది, తర్వాత దేవుని గోడ ఉబ్బింది, ఇప్పుడు చెయ్యి ఇరిగింది. ఇంకేం గావాలె? అమ్ముకోని బయట పడుండ్రి. నా ఎరికల మనిషున్నడు, తీసుకుంటడు."

జమున మిషన్ ఆపింది. "మాకు అచ్చి రాని ఇల్లు ఆయనకెట్ల అచ్చొస్తదన్నా?"

"వాని నచ్చత్రం ఏరు చెల్లె."

"నచ్చత్రం మారితె నీళ్ళు ఎత్తుకు పారుతయా?"

గట్టయ్య ఓదెలు వైపు తిరిగాడు. అది ఆయన పద్ధతి. ఆడమనిషి అడిగిన ప్రశ్నకు మగమనిషికి జవాబు చెప్పడం. నేను చాలా ఇళ్ళల్లో చూశాను, ఇదేం కొత్త కాదు, మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది.

ఓదెలు ముఖం చూస్తే నాకే జాలి వేసింది. తన చేత్తో వేసిన ప్రతి పనీ తన మీదే తిరగబడింది. అలాంటప్పుడు మనిషికి తన చేతగానితనం ఒప్పుకోవడం కంటే ఇల్లు చెడ్డదని నమ్మడం తేలిక. "మళ్ళ కిరాయికి పోదాం జమునా," అన్నాడు మెల్లగా. "బతికుంటె ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు."

"గచ్చు పలగ్గొడ్దాం," అంది జమున. "నువ్వు పోసిన పొర తీసేసి, మేస్త్రీ వెట్టిన బొక్క తెరుద్దాం. నీళ్ళు వచ్చిన దారినే పోతయ్."

గట్టయ్య నవ్వాడు. "అది అయ్యే పని గాదు చెల్లె. ఎండకాలంల రోడ్డేసినప్పుడు మోరీ లేపిండ్రు. ఇప్పుడు మోరీ మీ గచ్చు కంటె ఎత్తున్నది. బొక్క తెరిస్తివో, ఊరి మోరీ అంతా మీ ఇంట్లకే వస్తది. భూమే పల్లం మీది. భూమిని లేపుతవా?"

ఈ మాటతో ఓదెలు పూర్తిగా కూలిపోయాడు. మోరీ ఎత్తయితే చేసేదేం లేదు. ఇల్లు అమ్మడమే దారి. వచ్చే ఆదివారం ఆ మనిషిని తీసుకొచ్చి మాట ఖాయం చేసుకుందామని గట్టయ్య లేచాడు.

"మోరీ ఎత్తో గచ్చు ఎత్తో కొలిచి చూద్దాం గద," అంది జమున. "ఆదివారం నువ్వొచ్చినప్పుడే చూద్దాం అన్నా. నువ్వే ఒక కొస పట్టు. నేనే పట్టిన అంటె, నాకు గావాల్సినట్టు పట్టిన అంటవు."

ఈ మనిషి ఎవరినీ మోసగాడని అనలేదు, అరవలేదు, ఏడవలేదు. కొలుద్దాం అంది. గొంతు చించుకుని కొట్లాడేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఉంటే ఇదొక్కటే, కానీ గొట్టం మాట ఎవరు వింటారు!

ఆదివారం పొద్దున గట్టయ్య ఒక్కడే వచ్చాడు. కొనే మనిషి భోజనాల వేళకు వస్తాడన్నాడు. జమున అప్పటికే నన్ను నింపి పెట్టింది. ఒక్క బుడగ కూడా లేదు, నాకు తెలుసు, నా కడుపే కదా. ఒక కొస తను పట్టుకుని వెనక గచ్చు మీద, మూసేసిన బొక్క దగ్గర గొంతు కూర్చుంది. రెండో కొసకు గట్టయ్య బొటనవేలు అడ్డం పెట్టి సందులోంచి వీధిలోకి నడిచి మోరీ పక్కన కూర్చున్నాడు. మధ్యలో సందులో ఓదెలు, మెడకు వేలాడుతున్న పట్టీ చేతితో. సందు పక్క గోడ మీద రాజవ్వ తల, వేడుక చూడటానికి. గచ్చు మీద జానెడు ఎత్తున ఈ కొస, మోరీ అంచు మీద జానెడు ఎత్తున ఆ కొస, అంతే కొలత. మోరీ ఎత్తయితే నీళ్ళు జమున వైపు పొంగుతాయి, పల్లమైతే అటు పోతాయి.

"ఇడువు అన్నా!" అని కేకేసి జమున వేలు తీసింది.

నీళ్ళు కదలలేదు.

"చూసిండ్రా?" వీధిలోంచి గట్టయ్య గొంతు. "చుక్క గూడ కదుల్తలేదు. మోరీ, గచ్చు సమానం. నాలుగు వానలు పడితె మోరీ నీళ్ళే ఎనుకకొస్తయ్. ఇగ చాలించుండ్రి."

ఓదెలు తల దించుకున్నాడు. "అయిపాయె జమునా. లే."

జమున లేవలేదు. నాలోని నీళ్ళ గీతను చూస్తోంది. మెల్లగా తన కొసను బెత్తెడు పైకి ఎత్తింది. నీళ్ళ గీత కూడా దాంతోపాటు బెత్తెడు పైకి వచ్చింది. కిందికి దించింది. గీత కిందికి వచ్చింది. మళ్ళీ ఎత్తింది. ఆమె కళ్ళల్లో ఏదో వెలిగింది. డబ్బాలు ఒక్క దిక్కే ఎందుకు జారుతున్నాయని అడిగిన రోజు చూపు అది.

ఆమెకు తెలిసినది మీకూ చెబుతాను. రెండు కొసలూ తెరిచి ఉంటే, నన్ను ఎంత ఎత్తినా నీళ్ళు తమ ఎత్తులోనే నిలబడతాయి, గొట్టం ఒక్కటే పైకి జరుగుతుంది. నాతోపాటు నీళ్ళు కూడా లేస్తున్నాయంటే అవతల ఎవరో నా గొంతు నొక్కి పట్టారని.

నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ బొటనవేలు నా కొస మీద బిగిసి ఉంది.  

జమున గొంతు పెంచలేదు. "వేలు తియ్యి అన్నా."

"తీసిన."

"మల్లోపారి తియ్యి."

ఓదెలు తల ఎత్తి ఆమెను చూశాడు, తిరిగి వీధి వైపు చూశాడు. సందులోంచి నాలుగంగల్లో మోరీ దగ్గరికి వెళ్ళి, బావ పక్కన వంగి, ఎడమ చేత్తో ఆయన చేయి పట్టుకుని ఆ బొటనవేలిని పైకి లేపాడు.

నీళ్ళు దూకాయి. జమున వైపు గీత సర్రున జారిపోయింది, గట్టయ్య వైపు నా కొసలోంచి నీళ్ళు పొంగి ఆయన ఇస్త్రీ చొక్కా ముందు భాగమంతా తడిపి మోరీలో పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. మోరీ పల్లంలో ఉంది. కావలసినంత పల్లంలో.

గోడ మీద రాజవ్వ నవ్వు మొదలైంది. "ఓ గట్టయ్యా, భూమి లేసింది రా అయ్యా, నీ అంగీ మీదికి లేసింది!"

"గొట్టం ఖరాబున్నది," అన్నాడు గట్టయ్య, చొక్కా దులుపుకుంటూ.

ఓదెలు లేచి నిలబడ్డాడు. "కొనేటోడు ఎవడు బావా?" అని అడిగాడు.

గట్టయ్య చొక్కా అంచు పిండుకున్నాడు.

"నీ ఎరికల మనిషంటివి. ఎవడు?"

"మా తమ్ముని కొడుకు," అన్నాడు గట్టయ్య. "పెండ్లికి ఇల్లు చూడుమన్నరు. నేనేం అగ్గువ ధరకు అడుగుతలేనురా, నీ మంచికే..."

"చాయ్ తాగి పో బావా," అన్నాడు ఓదెలు. "భోజనాలకు ఎవ్వరిని రావద్దను."

ఇక ఆ పూట ఏం జరిగిందో తొందరగా చెబుతాను. జమున సుత్తె, ఉలి తీసుకుంది. ఓదెలు ఎడమ చేత్తో ఉలి పట్టుకున్నాడు, ఆమె కొట్టింది. ఒక దెబ్బ అతని వేలి మీద పడింది. "ఇది గూడ ఈశాన్యమేనా?" అంది. అతను నొప్పితోనే నవ్వాడు. మూసిన బొక్క తెరుచుకుంది. పైపు చెక్కు చెదరలేదు. కొత్త పొర పెచ్చులు పెచ్చులుగా లేచింది, కింద రాజీరు వేసిన వాలు ఉన్నదున్నట్టు ఉంది. జమున బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. నాచుతో, పెచ్చులతో, దోమపిల్లలతో నీళ్ళు పడమటికి పరుగెత్తాయి. ఓదెలు వీధిలోకి పోయి మోరీ దగ్గర నిలబడ్డాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అతని కేక వినబడింది. "వచ్చినయే!" ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు కూడా మనిషి అలా కేకేయడు.

దేవుని గోడ ఆరడానికి చాలా రోజులు పట్టింది. ఓదెలు చేయి కూడా కుదురుకుంది. మిల్లువాళ్ళు మళ్ళీ పిలిచారు. దిక్కుల మీద భయం అతనికి పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఇప్పటికీ గచ్చు కడిగినప్పుడు నీళ్ళు పడమటికి పోతుంటే ఒక్క క్షణం ఆగి చూస్తాడు. చూసి, మిల్లుకు పోతాడు.

మొన్న గట్టయ్య నుంచి ఓదెలుకు ఫోన్ వచ్చింది. చాలాసేపు ఆ మాట ఈ మాట మాట్లాడి, చివరన గొంతు తగ్గించాడు. తన ఇంటి వెనక ఈశాన్యం మూలన ఎన్నేళ్ళ నుంచో నీళ్ళు నిలుస్తున్నాయట. పునాదిలోకి తేమ దిగుతోందట. ఆ గొట్టం ఒక్క పూట పంపిస్తావా అని. ఓదెలు ఫోన్ చేత్తో మూసి జమునను చూశాడు.

"ఇస్త," అంది జమున, దారం పంటితో తెంపుతూ. "గని ఇంకో కొస నేనే పట్టుకుంటనని చెప్పు."

ఇప్పుడు నేను గట్టయ్య ఇంటి వెనక ఉన్నాను. పాతబడ్డాను, పసుపు రంగుకు తిరిగాను, ఒక కొస చిట్లితే జమున కత్తిరించి పారేసింది. అయినా నా కడుపులో నీళ్ళు ఇంకా నిలుస్తున్నాయి. ఆ మూలన జమున, ఈ మూలన గట్టయ్య, మధ్యలో ఓదెలు. ముగ్గురూ వంగి నా వైపే చూస్తున్నారు. గట్టయ్య ఊపిరి కూడా బిగబట్టాడు. పాపం, ఈసారి ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఆగండి. నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.